విండోస్‌ను కదపకుండా ఇంటి కంప్యూటర్లో లినక్స్ వాడి చూడటం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను చూసిన ఇంటి కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఏడెనిమిదేళ్ళ క్రితం కొన్నవి, లేదా విశాఖపట్నం నుంచి తెచ్చుకున్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు. వాటిలో నడుస్తున్న విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు యంత్రంలో ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. ఈ అర్హత లేనంత మాత్రాన బాగా పనిచేస్తున్న యంత్రాన్ని అటక మీద పడేయనక్కరలేదు. అందులోనే విండోస్ పక్కన లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెట్టుకుని, ఏ రోజు ఏది కావాలంటే అది తెరుచుకోవచ్చు. దీనినే డ్యూయల్ బూట్ అంటారు.

అయితే ఈ పనిలో ఎక్కించడం చిన్న భాగం, సిద్ధం కావడమే పెద్ద భాగం. ఈ మాట నేను ఒక నష్టం చూసిన తరువాత చెబుతున్నాను. మా మేనకోడలికి ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చిన ఏడాది, ఇంట్లో సాధన చేసుకోవడానికి లినక్స్ కావాలని అడిగింది. ఆమదాలవలసలో మా బావగారు డీటీపీ పని చేసుకునే కంప్యూటర్‌ను ఒక దుకాణంలో ఇచ్చారు. అక్కడి కుర్రవాడు ఇన్‌స్టాలర్ అడిగిన ఒక్క ప్రశ్నకు తప్పు జవాబు నొక్కాడు. లినక్స్ చక్కగా ఎక్కింది కానీ విండోస్ పోయింది, దానితో పాటు పదేళ్ళ శుభలేఖల ఫైళ్ళూ పిల్లల ఫొటోలూ పోయాయి. ఆ ఒక్క ప్రశ్న దగ్గరికి మనం కూడా వస్తాము. అక్కడికి వచ్చేసరికి మీ ఫైళ్ళు మరొక చోట భద్రంగా ఉండాలి.

ఏమేమి కావాలి

లినక్స్‌లో చాలా రకాలు ఉన్నా, కొత్తవారికి నేను లినక్స్ మింట్‌నే సూచిస్తాను. కింద ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం ఉండటం వల్ల విండోస్‌కు అలవాటుపడిన చేతికి అది వెంటనే పట్టుబడుతుంది. ఇందులో మూడు రకాలు దొరుకుతాయి. నాలుగు జీబీ లేదా అంతకన్నా ఎక్కువ ర్యామ్ ఉంటే సినమన్, మరీ పాత యంత్రమైతే ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి. రెండు జీబీ ర్యామ్‌తో కూడా మొదలవుతుంది కానీ బ్రౌజర్ తెరిచాక ఓపిక పట్టవలసి వస్తుంది. డిస్క్ మీద కనీసం 20 జీబీ ఖాళీ చాలునని చెబుతారు గానీ, స్థిమితంగా వాడుకోవాలంటే 60 జీబీ కేటాయించడం మేలు. వీటికి తోడు 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, ఫైళ్ళు దాచుకోవడానికి బయటి హార్డ్ డిస్క్ ఒకటి, రెండు సాయంత్రాల తీరిక కావాలి.

డెస్క్‌టాప్ అయి, లోపల రెండో డిస్క్ పెట్టే చోటు ఉంటే ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కొని, లినక్స్‌ను పూర్తిగా దాని మీదే ఎక్కించండి. ఎక్కించేటంత సేపూ విండోస్ ఉన్న డిస్క్ కేబుల్ తీసి పక్కన పెడితే, పొరపాటున కూడా దానికి ఏమీ కాదు. అవకాశం ఉన్నవారికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. ఇక్కడి నుంచి చెప్పేది ఒకే డిస్క్ ఉన్నవారి కోసం.

మొదటి సాయంత్రం: విండోస్‌లో చేయవలసిన పనులు

మొదట ఫైళ్ళు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయిందనుకుని వదిలేయకుండా, ఆ డిస్క్‌ను మరొక కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు ఫొటోలు, ఒకటి రెండు పత్రాలు తెరిచి చూడండి. డి డ్రైవ్‌లో ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు. సి, డి అనేవి చాలా ఇళ్ళల్లో ఒకే డిస్క్‌లోని రెండు గదులు మాత్రమే. డిస్క్ చెరిగితే రెండూ చెరుగుతాయి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, డీటీపీ చేసేవారైతే అను ఫాంట్ల ఫోల్డర్, ట్యాలీ వాడేవారైతే దాని డేటా ఫోల్డర్ కూడా ఈ జాబితాలోకి వస్తాయి.

తరువాత స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. అందులో బయోస్ మోడ్ అనే వరుస ఉంటుంది. బయోస్ అంటే విండోస్ కన్నా ముందు కంప్యూటర్‌ను మేల్కొలిపే ప్రోగ్రాం. ఆ వరుస ఎదురుగా యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని ఉందో, లెగసీ (పాత పద్ధతి) అని ఉందో కాగితం మీద రాసుకోండి. విండోస్ ఏ పద్ధతిలో మొదలవుతోందో లినక్స్‌నూ అదే పద్ధతిలో ఎక్కించాలి. ఒకటి అలా, ఒకటి ఇలా అయితే రెండింటి మధ్య ఎంచుకునే మెనూ సరిగా రాదు.

ఇప్పుడు సెట్టింగ్స్‌లో, డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఇటీవలి లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలు, మనం అడగకుండానే ఇది ఆన్ అయి ఉండవచ్చు. ఆన్‌లో ఉంటే ముందుగా 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి తీసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ తరువాత ఎన్‌క్రిప్షన్‌ను ఆపేయండి. డిస్క్ పెద్దదైతే ఇది పూర్తి కావడానికి గంటకు పైగా పట్టవచ్చు, మధ్యలో షట్ డౌన్ చేయవద్దు. ఈ కీ చేతిలో లేకుండా ముందుకు వెళ్తే, ఒక ఉదయం నీలం తెర మీద కంప్యూటర్ ఆ 48 అంకెలూ అడిగినప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

మరొకటి ఫాస్ట్ స్టార్టప్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏమి చేయాలో ఎంచుకునే చోటికి వెళ్తే 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' అనే గడి కనిపిస్తుంది. గడి బూడిద రంగులో ఉంటే పైన ఉన్న 'ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్' అన్న వాక్యం మీద నొక్కితే అందుబాటులోకి వస్తుంది. టిక్ తీసి సేవ్ చేయండి. ఇది ఎందుకంటే, ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్ డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగిపోదు, తన స్థితిలో కొంత భాగాన్ని డిస్క్ మీద రాసిపెట్టి నిద్రపోతుంది. ఆ నిద్రలో ఉండగా లినక్స్ వచ్చి అదే డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైళ్ళు పాడవుతాయి. అందుకే అటువంటి డ్రైవ్‌ను లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు.

పెన్‌డ్రైవ్ తయారు చేయడం

లినక్స్ మింట్ మొత్తం ఐఎస్ఓ అనే ఒకే ఫైల్‌గా దొరుకుతుంది, అది దాదాపు మూడు జీబీ ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో దించుకోవాలంటే ఇబ్బంది పడతారు. ఫైబర్ కనెక్షన్ ఉన్న చుట్టాల ఇంట్లోనో, స్నేహితుల ఇంట్లోనో దించుకుని, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవడం నయం. మింట్ అధికారిక వెబ్‌సైట్ నుంచి, లేదా అక్కడ చూపిన మిర్రర్ల (అదే ఫైల్‌ను ఉంచే ఇతర సైట్ల) నుంచి మాత్రమే తీసుకోండి.

దించుకున్న ఫైల్‌ను సరిచూడటం చాలామంది వదిలేస్తారు, మీరు వదలకండి. 2016 ఫిబ్రవరి 20న మింట్ వెబ్‌సైట్‌లోకే కొందరు చొరబడి, డౌన్‌లోడ్ లింకును మార్చి, దొంగదారి పెట్టిన ఐఎస్ఓను జనానికి అందించారు.  ఐఎస్ఓ పక్కనే షా256 పేరుతో 64 అక్షరాల గుర్తు ఇస్తారు. మీ విండోస్‌లో 7-జిప్ ఉంటే ఐఎస్ఓ మీద రైట్ క్లిక్ చేసి, సీఆర్‌సీ షా మెనూలో షా-256 నొక్కితే మీ ఫైల్ గుర్తు కనిపిస్తుంది. రెండూ అక్షరం పొల్లు పోకుండా కలవాలి. కలవకపోతే ఫైల్ సగంలో తెగి ఉండవచ్చు కూడా, మళ్ళీ దించుకోండి.

పెన్‌డ్రైవ్‌లోకి రాయడానికి రూఫస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం సరిపోతుంది. పెన్‌డ్రైవ్ పెట్టి, రూఫస్ తెరిచి, ఐఎస్ఓను ఎంచుకోండి. ఇంతకు ముందు కాగితం మీద యూఈఎఫ్ఐ అని రాసుకున్నవారు పార్టిషన్ స్కీమ్ దగ్గర జీపీటీ, లెగసీ అని రాసుకున్నవారు ఎంబీఆర్ పెట్టి స్టార్ట్ నొక్కండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. కాబట్టి పైన కనిపించే పేరు, సైజు మీ పెన్‌డ్రైవ్‌వేనా, బ్యాకప్ తీసుకున్న బయటి డిస్క్‌వి కావు కదా అని చూసుకోండి. ఆ డిస్క్‌ను అప్పటికే ఊడదీసి ఉంచితే ఆ భయమే ఉండదు.

ఎక్కించకుండానే వాడి చూడటం

ఇక్కడే లినక్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం. డిస్క్‌ను ముట్టుకోకుండా, పెన్‌డ్రైవ్ నుంచే మొత్తం నడిపి చూడవచ్చు. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీని వరుసగా నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవో యంత్రాలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్ ఉంటుంది. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందుగా బయోస్‌లో దాన్ని అనుమతించవలసి రావచ్చు. వచ్చిన జాబితాలో మీ పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే కాసేపటికి మింట్ డెస్క్‌టాప్ వస్తుంది.

తొందరపడి ఇన్‌స్టాల్ బొమ్మ మీద నొక్కవద్దు. ఒక గంట కూర్చోండి. వైఫై దొరుకుతోందా, యూట్యూబ్‌లో పాట వినిపిస్తోందా, వెలుతురు తగ్గించే కీలు పనిచేస్తున్నాయా, కెమెరా తెరుచుకుంటోందా, మూత మూసి తెరిస్తే లేస్తోందా అన్నవి చూడండి. పాత లాప్‌టాప్‌లలో కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ వైఫై కార్డులకు డ్రైవర్ విడిగా కావాలి. అప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వచ్చేస్తుంది. దానితో డ్రైవర్ మేనేజర్ తెరిచి కావలసింది ఎక్కించుకోవచ్చు. ప్రింటర్ ఉంటే తగిలించి ఒక పేజీ తీయండి. హెచ్‌పీ ప్రింటర్లలో చాలా వాటికి డ్రైవర్ మింట్‌తోనే వస్తుంది. క్యాప్ట్ అనే సొంత పద్ధతి మీద నడిచే కెనాన్ పాత లేజర్ ప్రింటర్లు మాత్రం లినక్స్‌లో సతాయిస్తాయి. అటువంటిది ఉన్నవారు ముద్రణ పని విండోస్‌లోనే ఉంచుకోవడం మంచిది.

పెన్‌డ్రైవ్ వేగం తక్కువ కాబట్టి ఇప్పుడు కొంత నెమ్మదిగా అనిపిస్తే అది లినక్స్ తప్పు కాదు. ఈ గంటలో మీకు అవసరమైనది ఏదైనా పనిచేయకపోతే షట్ డౌన్ చేసి పెన్‌డ్రైవ్ తీసేయండి, కంప్యూటర్ ఎప్పటిలాగే విండోస్‌తో తెరుచుకుంటుంది.

రెండో సాయంత్రం: చోటు ఇవ్వడం

డిస్క్‌లో చోటు చేసే పని విండోస్‌తోనే చేయించండి, దాని ఇంటి సంగతి దానికే బాగా తెలుసు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే డిస్క్ మొత్తం అడ్డంగా గడులుగా కనిపిస్తుంది. సి డ్రైవ్ గడి మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ నొక్కండి. ఎంత తగ్గించాలో అది ఎంబీల్లో అడుగుతుంది. 60 జీబీ కావాలంటే 61440 అని కొట్టాలి. కాసేపటికి సి గడి కురచబడి, దాని కుడిపక్క నల్లని పట్టీతో అన్‌అలొకేటెడ్ అనే కొత్త గడి ఏర్పడుతుంది. దాన్ని అలాగే వదిలేయండి. అక్కడ కొత్త డ్రైవ్ ఏదీ తయారు చేయవద్దు.

డ్రైవ్‌లో వంద జీబీ ఖాళీ ఉన్నా, పది జీబీకి మించి తగ్గించడం కుదరదని విండోస్ చెప్పే సందర్భాలు ఉన్నాయి. పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రిస్టోర్ పాయింట్ల వంటి కదలని ఫైళ్ళు డ్రైవ్ చివరలో కూర్చుని ఉండటమే దానికి కారణం. సిస్టమ్ ప్రొటెక్షన్‌ను, వర్చువల్ మెమరీని తాత్కాలికంగా ఆపి, ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్ళీ ప్రయత్నిస్తే చోటు పెరుగుతుంది. పని అయ్యాక వాటిని తిరిగి ఆన్ చేయడం మరవద్దు.

కరెంటు గురించి ఒక మాట. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను తరువాత ఉద్దానం ఎన్ని రోజులు చీకట్లో ఉందో మన జిల్లాల వారికి గుర్తు చేయనక్కరలేదు; మామూలు రోజుల్లో కూడా గాలివాన వస్తే ముందు పోయేది కరెంటే. డిస్క్‌లో గడులు జరుగుతున్నప్పుడు కరెంటు పోతే డేటా చెడవచ్చు. లాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉంచి, ఛార్జర్ కూడా తగిలించి ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ తప్పనిసరి. ఇంట్లో ఇన్వర్టర్ మాత్రమే ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ మీట ఉందేమో చూసి అటు తిప్పండి, లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలోనే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. మబ్బు పట్టిన సాయంత్రం ఈ పని మొదలుపెట్టకండి.

ఎక్కించడం

మళ్ళీ పెన్‌డ్రైవ్ నుంచి తెరిచి, డెస్క్‌టాప్ మీది ఇన్‌స్టాల్ లినక్స్ మింట్ బొమ్మను నొక్కండి. భాష ఇంగ్లీషు ఉంచండి, కీబోర్డ్ ఇంగ్లీష్ యూఎస్ సరిపోతుంది. పాటలు, వీడియోలు ఆడటానికి కావలసిన మల్టీమీడియా కోడెక్‌లు ఎక్కించాలా అని అడిగితే టిక్ పెట్టండి. సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలనే మొదలవ్వనిచ్చే కాపలా) ఆన్‌లో ఉన్న యంత్రాలలో ఇక్కడే ఒక పాస్‌వర్డ్ అడగవచ్చు. అడిగితే ఎనిమిది అక్షరాలది ఒకటి ఇచ్చి, రాసుకోండి. ఎక్కించడం పూర్తయి తిరిగి మొదలైనప్పుడు దాని అవసరం వస్తుంది.

ఇప్పుడు ఆ ఒక్క ప్రశ్న వస్తుంది. ఇన్‌స్టలేషన్ టైప్ అనే తెర మీద మూడు దారులు ఉంటాయి. విండోస్ బూట్ మేనేజర్ పక్కన ఎక్కించమనేది ఒకటి, ఎరేజ్ డిస్క్ అనేది మరొకటి, సమ్‌థింగ్ ఎల్స్ అనేది చివరిది. ఎరేజ్ డిస్క్ అన్నది మీరు చేసిన ఖాళీ చోటును మాత్రమే చెరుపుతుందనుకోవడం పొరపాటు, అది డిస్క్ మొత్తాన్ని తుడిచేస్తుంది. మా బావగారి ఫైళ్ళు పోయింది ఈ మాట మీద నొక్కడం వల్లనే.

నేనైతే సమ్‌థింగ్ ఎల్స్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే ఎక్కడ ఏమి జరుగుతుందో కళ్ళతో చూసుకోవచ్చు. అందులో గడుల పట్టిక వస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్ అని ఉన్న వరుసలు విండోస్‌వి, వాటి జోలికి పోవద్దు. యూఈఎఫ్ఐ యంత్రమైతే ఈఎఫ్ఐ అనే చిన్న వరుస కూడా ఉంటుంది, దాన్ని ఫార్మాట్ చేయకూడదు. అది రెండింటికీ ఉమ్మడి గుమ్మం. ఫ్రీ స్పేస్ అని, సుమారు 60 జీబీ పరిమాణంతో ఉన్న వరుసను ఎంచుకుని, కింద ఉన్న ప్లస్ గుర్తు నొక్కండి. పరిమాణం అలాగే ఉంచి, రకం దగ్గర లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4, మౌంట్ పాయింట్ దగ్గర జాబితాలో మొట్టమొదట ఉన్న ఒంటి ఏటవాలు గీతను ఎంచుకోండి. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్ కోసం వేరే గడి అక్కరలేదు, మింట్ తానే ఒక ఫైల్ చేసుకుంటుంది.

ఇన్‌స్టాల్ నౌ నొక్కగానే, ఏ మార్పులు రాయబోతోందో చూపిస్తూ ఒక పెట్టె వస్తుంది. ఇక్కడ ఆగి, ప్రతి అక్షరం చదవండి. ఫార్మాట్ కాబోయే వాటిలో ఈఎక్స్‌టీ4 గడి ఒక్కటే ఉండాలి. మరేది కనిపించినా గో బ్యాక్ నొక్కి వెనక్కి రండి. కంటిన్యూ నొక్కిన తరువాత వెనక్కి రావడం లేదు. తక్కినవి తేలికే: టైమ్ జోన్‌గా కోల్‌కతా, మీ పేరు, చిన్న అక్షరాలతో యూజర్ నేమ్, గుర్తుండే పాస్‌వర్డ్. ఎస్‌ఎస్‌డీ అయితే పావుగంటలో, పాత హార్డ్ డిస్క్ అయితే అరగంట పైచిలుకులో పూర్తవుతుంది.

గడుల పట్టికలో మీ డిస్కే కనిపించకపోతే, బయోస్‌లో స్టోరేజ్ పద్ధతి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీలో ఉందని అర్థం చేసుకోవచ్చు. దాన్ని ఉన్నపళంగా ఏహెచ్‌సీఐకి మారిస్తే విండోస్ మొదలు కాదు. ముందుగా విండోస్ తదుపరిసారి సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా పెట్టి, అప్పుడు బయోస్‌లో మార్చాలి. ఇది ఒకసారి చేసి చూసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని చేయవలసిన పని.

మొదటిసారి తెరిచినప్పుడు

పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి. ఇందాక సెక్యూర్ బూట్ పాస్‌వర్డ్ ఇచ్చినవారికి నీలం తెర ఒకటి వస్తుంది. పది సెకన్లలోపు ఏదైనా కీ నొక్కి, ఎన్‌రోల్ మాక్, కంటిన్యూ, యస్ అని వరుసగా ఎంచుకుని, రాసుకున్న పాస్‌వర్డ్ కొట్టండి. ఆ తరువాత రెండింటిలో ఏది తెరవాలో అడిగే గ్రబ్ మెనూ కనిపిస్తుంది. పై వరుస లినక్స్ మింట్, కింద విండోస్ బూట్ మేనేజర్. మొదట విండోస్‌నే తెరిచి, అది క్షేమంగా ఉందని చూసుకుని మనసు కుదుటపరచుకోండి. మెనూ రాకుండా నేరుగా విండోస్ వస్తే కంగారు పడవద్దు. బయోస్‌లో బూట్ ఆర్డర్ తెరిచి, జాబితాలో ఉబుంటు అనే పేరును పైకి జరపండి. మింట్ ఉబుంటు మీద కట్టినది కాబట్టి అక్కడ ఆ పేరుతోనే ఉంటుంది.

లినక్స్ వాడి విండోస్‌కు వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపించవచ్చు. లినక్స్ యంత్రంలోని గడియారంలో అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్ని మన సమయమే అనుకుంటుంది. విండోస్ డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ నొక్కితే సరిపోతుంది.

మింట్‌లో ముందు అప్‌డేట్ మేనేజర్ నడపండి, తరువాత టైమ్‌షిఫ్ట్‌లో ఒక స్నాప్‌షాట్ తీసుకోండి, ఏదైనా చెడితే సిస్టమ్‌ను ఆ స్థితికి తిరిగి తెచ్చుకోవచ్చు. తెలుగు టైపు చేయడానికి కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్ తెరిచి తెలుగును చేర్చుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ తెలిసినవారికి అది చాలు, అక్షరాల ధ్వనిని బట్టి కొట్టేవారికి కగప ఫొనెటిక్ లేఅవుట్ కూడా అక్కడే ఉంటుంది. అను ఫాంట్లతో చేసిన శుభలేఖలు, ట్యాలీ, డిజిటల్ సంతకం డాంగిల్ అడిగే పనులు మాత్రం విండోస్‌లోనే చేసుకోండి. ఆ అవసరం ఉన్నందుకే రెండూ పక్కపక్కన పెట్టుకున్నాము.

అప్పుడప్పుడు విండోస్ అప్‌డేట్ తరువాత లినక్స్ తెరుచుకోకపోవచ్చు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక అప్‌డేట్ వల్ల చాలా డ్యూయల్ బూట్ యంత్రాలలో ఇలా జరిగింది. బయోస్‌లో సెక్యూర్ బూట్‌ను కొద్ది కాలం ఆపి, లినక్స్‌ను అప్‌డేట్ చేసి, తిరిగి ఆన్ చేసుకుంటే చాలామందికి సర్దుకుంది.

వద్దనుకుంటే

కొన్ని నెలలు వాడాక లినక్స్ మీకు పనికిరాలేదనిపిస్తే తీసేయడానికీ ఒక వరుస ఉంది. యూఈఎఫ్ఐ యంత్రమైతే ముందు బయోస్‌లో బూట్ ఆర్డర్ తెరిచి విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తేవాలి. విండోస్ నేరుగా తెరుచుకుంటోందని రెండుసార్లు చూసుకున్న తరువాతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ 60 జీబీ గడిని డిలీట్ చేయాలి. ముందే డిలీట్ చేస్తే గ్రబ్ తన ఫైళ్ళు దొరకక నల్ల తెర మీద ఆగిపోతుంది. లెగసీ యంత్రమైతే డిలీట్ చేసే ముందు విండోస్ రికవరీ పెన్‌డ్రైవ్‌తో బూట్ రికార్డును బాగుచేసుకోవాలి. ఖాళీ అయిన చోటు సి డ్రైవ్‌కు ఆనుకుని కుడిపక్కనే ఉంటుంది కాబట్టి, సి మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కితే అది తిరిగి సి లో కలిసిపోతుంది.